మెల్లగా ఎక్కే కొండ



కిలిమంజారో ఎక్కడానికి వెళ్తున్నానని ఇంట్లో చెబితే ముందుగా వచ్చే ప్రశ్న ఒకటే. "తాళ్లు కట్టుకుని వేలాడాలా?" అక్కర్లేదు. తాళ్లు, మేకులు, మంచు గొడ్డళ్లు ఏవీ అక్కర్లేదు. మామూలు దారుల్లో వెళ్లేవాళ్లకు అది మొదటి నుంచి చివరి దాకా నడకే. ఒకటి రెండు చోట్ల రాయి మీద చేతులు ఆనించి ఎక్కాలి, అంతే. 5,895 మీటర్ల ఎత్తు, ఆఫ్రికా ఖండానికంతటికీ నెత్తి లాంటి చోటు, అక్కడికి మీరూ నేనూ కాలినడకన వెళ్లి రావచ్చు. ఈ మాట నిజమే. చాలామంది దెబ్బతినేదీ ఈ మాటను నమ్మే.

"తిరుపతి కొండ నడిచి ఎక్కినవాణ్ణి, నాకేంటి" అనుకుంటాం. అలిపిరి దగ్గర మొదలుపెట్టి మోకాళ్ల పర్వతం దాటి నాలుగైదు గంటల్లో పైకి చేరినవాళ్లు మనలో కొల్లలు. ఆ అలవాటు కాళ్లకు మంచిదే, కాదనను. కానీ తిరుమల ఎత్తు వెయ్యి మీటర్లు లేదు. పాడేరు వైపు తూర్పు కనుమల్లో అర్మకొండ, జిందగడ లాంటి శిఖరాలు కూడా 1,700 మీటర్ల లోపే. కిలిమంజారోకు మరంగు దారిలో వెళ్లేవాళ్లు గేటు దగ్గర పేరు రాయించుకుని మొదటి అడుగు వేసే చోటే 1,800 మీటర్లు దాటి ఉంటుంది. మన రాష్ట్రంలో ఇక ఎక్కడానికి కొండ మిగలని ఎత్తులో అక్కడ ఎక్కడం మొదలవుతుంది.

ఇంతకీ ఈ కొండ ఎక్కడుంది? టాంజానియాలో, భూమధ్యరేఖకు కాస్త దక్షిణంగా, కెన్యా సరిహద్దును ఆనుకుని. హిమాలయాల్లో లాగా పక్కన తోడు శిఖరాలు లేవు. చుట్టూ మైదానం, మధ్యలో ఇదొక్కటే. నిజానికి మూడు అగ్నిపర్వతాలు కలిసి ఒక్క కొండగా కనిపిస్తాయి. షిరా ఎప్పుడో కుంగిపోయి పీఠభూమిగా మిగిలింది. మవెంజి 5,149 మీటర్ల ఎత్తున మొనదేలి నిలబడింది. దాన్ని ఎక్కాలంటే మాత్రం తాళ్లు కావాల్సిందే. మనం వెళ్లేది మూడోదైన కిబో మీదికి. దాని బిలం అంచు మీద అన్నిటికన్నా ఎత్తయిన చోటు ఉహురు శిఖరం. జర్మన్ల ఏలుబడిలో దానికి వాళ్ల చక్రవర్తి పేరు ఉండేది. 1961 డిసెంబరులో దేశానికి స్వాతంత్ర్యం వచ్చినప్పుడు అలెగ్జాండర్ న్యిరెండా అనే సైనికాధికారి ఆ మంచులో కొత్త జెండా పాతి కాగడా వెలిగించాడు. స్వాహిలీ భాషలో ఉహురు అంటే స్వాతంత్ర్యమే.

తెలుగువాళ్లకు ఈ కొండ కొత్త కాదు. నెల్లూరు జిల్లా బిడ్డ మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల్లోని ఏడు ఎత్తయిన శిఖరాలనూ 172 రోజుల్లో ఎక్కేశాడు, అందులో ఇదీ ఒకటి. 2015లో ఆండీస్ పర్వతాల్లో ప్రాణం వదిలాడు. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ, సంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుకుంటూ, భువనగిరి గుట్ట మీద పాఠాలు మొదలుపెట్టి, 2014 మే 25న పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కింది. ఆ తరవాత రెండేళ్లకు కిలిమంజారో ఎక్కింది. వాళ్లిద్దరూ పర్వతారోహకులు. నేను ఈ రోజు మాట్లాడేది వాళ్ల గురించి కాదు. డబ్బు కట్టి, సెలవు పెట్టి, గైడ్ వెనక నడిచే మనలాంటివాళ్ల గురించి. ఇంకా చెప్పాలంటే, మన ముందూ వెనకా నడిచేవాళ్ల గురించి.

గైడ్ లేకుండా ఈ కొండ మీదికి పోనివ్వరు. 1991 నుంచీ అదే నియమం. కిలిమంజారో నేషనల్ పార్కు లైసెన్సు ఉన్న గైడ్ ఉండాలి, ఏ రాత్రి ఏ మకాంలో పడుకుంటారో ముందే రాయించాలి. గైడ్‌తో పాటు సహాయ గైడ్లు, వంటమనిషి, వీళ్లందరి కన్నా ఎక్కువ సంఖ్యలో సామాను మోసే పోర్టర్లు. ఒక్కో యాత్రికుడికి ముగ్గురు నలుగురు మనుషుల పని పడుతుంది. పదిమంది వెళ్లారంటే వెనక ముప్పై నలభై మంది బయలుదేరినట్టే. చిన్న పెళ్లికి తరలివెళ్లేంత జనం.

గేటు దగ్గర తప్పకుండా చూడాల్సింది కాటా. ప్రతి పోర్టరూ తన మూట తెచ్చి దానికి తగిలిస్తాడు. పార్కు ఉద్యోగి అంకె చూసి రాసుకుంటాడు. మనిషికి 20 కిలోలు మించకూడదు. అందులో పదిహేను మన సామాను, అయిదు వాళ్ల సొంతానికి. మేం వెళ్లిన రోజు ఒక మూట తూగగానే ముల్లు గీత దాటింది. ఎవరూ ఏమీ అనలేదు. పోర్టరే మూట దించి, ముడి విప్పి, అందులోంచి ఒక గుడ్డ సంచి తీసి పక్కన పెట్టి మళ్లీ తగిలించాడు. ఆ సంచిలో ఉన్నవి మా బృందంలో ఒకరు "ఎందుకైనా మంచిది" అని తెచ్చుకున్న పుస్తకాలు, ఒక ఇస్త్రీ చొక్కా, రెండో జత చెప్పులు. వాటికోసం ఇంకో మనిషి నెత్తి వెతకాల్సి వచ్చింది. ఇంటి దగ్గర బ్యాగు సర్దేటప్పుడు ఇది మనకు తోచదు. మన ఎందుకైనా మంచిదంతా అక్కడ ఒకరి మెడ మీద కూర్చుంటుంది. పక్కనే ఇంకొకతను కోడిగుడ్ల అట్టలు ఒకదాని మీద ఒకటి పేర్చి తాడుతో కట్టి ఒక చేత్తో వేలాడదీసుకుని నిలబడి ఉన్నాడు. వీపు మీద గ్యాసు సిలిండరు. ఆ గుడ్లు నాలుగో రోజు పొద్దున కూడా పగలకుండా ఆమ్లెట్ అయి మా ముందుకొచ్చాయి.

దారులు చాలా ఉన్నాయి. మరంగు దారిలో పడుకోవడానికి చెక్క గదులుంటాయి: మందారా, హొరొంబో, కిబో. లెమోషో, రొంగాయ్, మచామే దారుల్లో గుడారాలు. మేం వెళ్లింది మచామే మీదుగా. మొదటి రోజంతా అడవి. నేల బురద, చెట్ల నిండా నాచు, పైన ఎక్కడో కొలొబస్ కోతుల సందడి. నడక మొదలైన పావుగంటకే ఒక మాట చెవిన పడుతుంది. ఆ తరవాత దిగేదాకా అది వదలదు. "పోలె పోలె." అంటే మెల్లగా, మెల్లగా. మా పెద్ద గైడ్ అందరికన్నా ముందు నడిచేవాడు. ఎంత మెల్లగా అంటే, మొదటి రోజు మాలో కుర్రాళ్లకు చిరాకొచ్చింది. ఒక పాదం తీసి ఇంకో పాదం ముందు పెట్టి, ఆగి, మళ్లీ తీసి. అతన్ని దాటి పోవడానికి ఒప్పుకునేవాడు కాదు. "మీకు మాట్లాడుతూ నడవగలిగేంత ఊపిరి ఉండాలి. ఆయాసం వచ్చిందంటే నేను తొందరపడ్డానని అర్థం" అనేవాడు.

మేం ఇలా నత్తల్లా పాకుతుంటే, వెనక నుంచి అడుగుల చప్పుడు వచ్చేది. పక్కకు తప్పుకుంటే నెత్తిన మూటతో, చెవి పక్కన చిన్న రేడియో మోగుతూ, పోర్టర్లు మమ్మల్ని దాటి వెళ్లిపోయేవాళ్లు. పొద్దున మేం టిఫిను తిని బయలుదేరాక గుడారాలు విప్పి, గిన్నెలు తోమి, చెత్త మూటగట్టి, అంతా నెత్తికెత్తుకుని, మమ్మల్ని దాటి, పైన మకాం వేసి, మేం చేరే వేళకు చేతులు కడుక్కోవడానికి వేణ్నీళ్లు సిద్ధం చేసేవాళ్లు. ఇది రోజూ జరిగేది. నాకు అక్కడ తెలిసి వచ్చింది ఇదే. ఈ కొండ మీద నెమ్మదిగా నడవడమే ప్రాణరక్షణ అని అందరూ చెబుతారు, నిజమే. ఆ నెమ్మది మాత్రం ఊరికే రాదు. మేం నెమ్మదిగా నడవడం కోసం ఇంకొకళ్లు వేగంగా నడుస్తున్నారు. మా మూట మేమే మోసుకుంటూ, నీళ్లు తెచ్చుకుంటూ, వండుకుంటూ వెళ్లాల్సి వస్తే ఆ నెమ్మది మాకు దక్కేది కాదు.

ఈ కొండను మొట్టమొదట ఎక్కిన కథా అదే. 1889 అక్టోబరు 6న హాన్స్ మేయర్ అనే జర్మన్, లుడ్విగ్ పుర్ట్‌షెల్లర్ అనే ఆస్ట్రియన్ శిఖరం చేరారు. మేయర్ అంతకు ముందే ప్రయత్నించి వెనక్కి వచ్చినవాడు. ఈసారి అతను చేసిన తెలివైన పని ఏమిటంటే, కొండ మీద వేరు వేరు ఎత్తుల్లో మకాములు పెట్టి, కింద మరంగు నుంచి తిండి పైకి చేరుతుండేలా మనుషుల్ని ఏర్పాటు చేశాడు. దాంతో ఒకసారి శిఖరం అందకపోయినా కిందిదాకా దిగే పని లేకుండా కాస్త విశ్రాంతి తీసుకుని మళ్లీ ఎక్కగలిగాడు. అంటే ఆ గెలుపు సగం కాళ్లది, సగం సరఫరాది. ఆ మోసినవాళ్ల పేర్లు చాలావరకు చరిత్రలో లేవు. మరంగుకు చెందిన చగ్గా జాతి మనిషి యోహాని కిన్యాలా లావో ఆ యాత్రకు దారి చూపినవాడని గుర్తించి సన్మానించేసరికి నూరేళ్లు గడిచాయి.

ఇప్పుడు ఊపిరి సంగతి. పైకి వెళ్లేకొద్దీ గాలిలో ప్రాణవాయువు శాతం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. శాతం తగ్గదు, ఇక్కడా 21, అక్కడా 21. తగ్గేది గాలి ఒత్తిడి. ఉహురు శిఖరం మీద అది సముద్రతీరంలో ఉన్నదాంట్లో దాదాపు సగం. కాబట్టి ఒక్కో శ్వాసకు అందే ప్రాణవాయువూ సగమే. దానికి ఒళ్లు చేసే మొదటి పని ఎక్కువగా, లోతుగా ఊపిరి తీయడం. అలా తీస్తే బొగ్గుపులుసు గాలి ఎక్కువగా బయటికి పోయి రక్తంలో క్షారగుణం పెరుగుతుంది. దాన్ని సరిచేయడానికి మూత్రపిండాలు పని అందుకుంటాయి. అందుకే కొండ మీద రాత్రిళ్లు రెండు మూడుసార్లు గుడారం జిప్పు తీసుకుని బయటికి పోవాల్సి వస్తుంది. విసుక్కోకండి, ఒళ్లు అలవాటు పడుతోందని గుర్తు. ఎసిటజోలమైడ్ అనే మాత్ర, మందుల షాపులో డయామాక్స్ అంటారు, ఈ సర్దుబాటునే తొందర చేస్తుంది. డాక్టర్ని అడిగి వేసుకోవాలి. సల్ఫా మందులు పడనివాళ్లయితే ఆ మాట ముందే చెప్పాలి.

రాత్రి గుడారంలో ఇంకో వింత. పక్కన పడుకున్న మిత్రుడి ఊపిరి వినిపిస్తూ వినిపిస్తూ ఆగిపోతుంది. మీరు లేచి కూర్చుంటారు. అయిదు లెక్కపెడతారు, పది లెక్కపెడతారు. ఉలిక్కిపడ్డట్టు ఒక్కసారి గుక్క తిప్పుకుని మళ్లీ మొదలవుతుంది. మొదటి రాత్రి నేను అతన్ని తట్టి లేపాను కూడా. ఎత్తు ప్రదేశాల్లో నిద్రలో ఊపిరి ఇలా ఆగి ఆగి సాగడం మామూలేనని పొద్దున గైడ్ చెప్పాడు. నేనూ అలాగే పడుకున్నానట, అది మిత్రుడు చెప్పాడు.

మామూలు కానివి వేరే ఉన్నాయి. తలనొప్పి, వాంతి, తిండి సహించకపోవడం మొదటి మెట్టు. కూర్చున్నా ఆయాసం, దగ్గు, నురగ తెమడ వస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోందని. మాట తడబడి, అడుగు తూలితే మెదడు వాస్తోందని. ఈ రెండింటిలో ఏది కనిపించినా కిందికి దిగడమే వైద్యం, అదీ తెల్లారేదాకా ఆగకుండా. అందుకే పొద్దునా రాత్రీ గైడ్లు రక్తంలో ప్రాణవాయువు కొలిచే ఆక్సిమీటరు వేలికి తగిలించి చూస్తారు. తమాషా ఏమిటంటే, దాన్ని మనవాళ్లు పరీక్ష మార్కులు చేసేశారు. "నీకెంత? నాకు 88" అని పోటీ. గైడ్ వచ్చే ముందు అరచేతులు రుద్దుకుని, వేళ్లు వేడి చేసుకుని, గట్టిగా నాలుగు శ్వాసలు లాగి అంకె పెంచుకునేవాళ్లు. అతనికి ఇవన్నీ తెలుసు. యంత్రం వేలికి పెట్టి అంకె వైపు కాదు, మొహం వైపు చూస్తూ కబుర్లు చెప్పేవాడు. నిన్న రాత్రి అన్నంలోకి ఏమిటి, మీ ఊరు సముద్రానికి ఎంత దూరం, పిల్లలేం చదువుతున్నారు. జవాబు ఎంత త్వరగా వస్తోందో, ఎంత అతుకుతోందో అతని లెక్క.

తిండి విషయానికొస్తే ఒక మాట చెప్పాలి. పొద్దున్నే గిన్నెతో వేడివేడిగా ఒక జావ తెచ్చిపెట్టేవాళ్లు. దాని పేరు ఉజి. మొదటి గుటకలోనే మాకు తెలిసిపోయింది. రాగి జావ. మన దగ్గర రాగులన్నా, ఉత్తరాంధ్రలో చోళ్లన్నా, తెలంగాణలో తైదలన్నా ఆ గింజే. ఇక్కడ గర్వపడే ముందు కాస్త ఆగాలి, ఎందుకంటే ఆ పంట పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా మెట్ట సీమలే. వేల ఏళ్ల కిందట అక్కడి నుంచి మన దేశానికి వచ్చింది. కొండ కింద చగ్గా ఊళ్లలో అరటిపళ్లతో ఇవే రాగులు కలిపి పులియబెట్టి ఒక మత్తు పానీయం కూడా చేస్తారు. బదులుగా మన చపాతీ, చాయ్ అక్కడి వంటింట్లోకి అవే పేర్లతో వెళ్లాయి. శాకాహారులకు ఇబ్బంది లేదు. కాకపోతే నాలుగు వేల మీటర్లు దాటాక ఆకలి చచ్చిపోతుంది. అప్పుడు గైడ్లు పక్కన కూర్చుని తినిపిస్తారు, బతిమాలతారు, కసురుతారు. మా సంచిలో ఉన్న ఆవకాయ చిన్న సీసా ఆ పూటలకు పనికొచ్చింది. వంటాయన కూడా రుచి చూశాడు. మళ్లీ అడగలేదు.

అడవి దాటితే ఒత్తయిన పొదలు, వాటి తరవాత బండలు, బూడిద రంగు మట్టి. చూడదగ్గవి బరాంకో లోయలోని చెట్లు. సెనేసియో జాతివి, ఇంత ఎత్తులో చెట్టు ఉండటమే వింత. ఎండిన ఆకులు రాల్చవు. మాను చుట్టూ వాటినే దుప్పటిలా కప్పుకుంటాయి, చలికి లోపలి నీరు గడ్డకట్టకుండా. చీకటి పడగానే కొనలో ఉన్న పచ్చి ఆకులు మొగ్గలా ముడుచుకుంటాయి, పొద్దున ఎండ తగిలాక విచ్చుకుంటాయి. ఇక్కడ పగలు వేసవి, రాత్రి శీతాకాలం, ఏడాదంతా అంతే. ఆ లెక్కకు తగ్గట్టు అవి బతకడం నేర్చాయి.

ఈ లోయకు వచ్చే దారే మచామే, లెమోషో దారుల తెలివి. షిరా మకాం నుంచి ఉదయం బయలుదేరి లావా టవర్ అనే రాతి దిబ్బ దాకా, 4,600 మీటర్లకు ఎక్కుతాం. అక్కడ కూర్చుని భోజనం చేస్తాం, తల నొస్తుంది. ఆ తరవాత మళ్లీ నాలుగు వేల మీటర్ల చుట్టుపక్కలకు దిగి బరాంకోలో పడుకుంటాం. పొద్దుటి నుంచి చచ్చీచెడీ ఎక్కిన ఎత్తంతా పోయిందని ఏడుపొస్తుంది. కానీ పైకెక్కి రుచి చూపించి కింద పడుకోబెడితేనే ఒళ్లు అలవాటు పడుతుంది. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు అయిదు వందల మీటర్ల కన్నా పెంచవద్దని వైద్యులు చెప్పే సూత్రం. అయిదు రోజుల చౌక యాత్రల్లో ఇది కుదరదు. మనవాళ్లు ఒకటి రెండు రోజులు తగ్గించుకుని మిగిల్చే డబ్బు ఈ కొండ మీద అన్నిటికన్నా ఖరీదైన పొదుపు. శిఖరం అందక తిరిగొచ్చేవాళ్లలో చాలామంది కాళ్లు సరిపోక కాదు, రోజులు సరిపోక వస్తారు.

బరాంకో గోడ అనే కొండచరియ ఎక్కి, కరంగా లోయకు వస్తాం. ఈ దారిలో చివరి నీళ్లు ఇక్కడే. ఆపైన బరాఫు మకాం, 4,673 మీటర్ల దగ్గర, గాలీ రాళ్లూ తప్ప ఏమీ లేవు. అక్కడ మనం తాగే టీ, చేతులు కడుక్కునే గోరువెచ్చని నీళ్లు, రాత్రి సీసాల్లో నింపుకునేవి, అన్నీ ఈ లోయ నుంచి మనుషులు మోసుకెళ్లినవే. అక్కడికి చేరాక నేను మొహం కడుక్కోలేదు. గొప్ప కాదు, చేతులు రాలేదు.

శిఖరానికి బయలుదేరేది అర్ధరాత్రి. ఎందుకు అంత రాత్రి? వదులు రాళ్లు, ఇసక చలికి బిగిసి ఉంటాయి కనుక అడుగు జారదు. తెల్లవారుజామున ఆకాశం తేటగా ఉంటుంది. దిగడానికి పగలంతా చేతిలో ఉంటుంది. చలి సున్నాకు పది, పదిహేను డిగ్రీల కింద, గాలి వీస్తే అంతకన్నా. నీళ్ల సీసా తలకిందులుగా పెట్టుకోమంటారు. నీరు పైనుంచి గడ్డకడుతుంది కాబట్టి మూత వైపు తాగడానికి మిగులుతుంది. ఫోను, బ్యాటరీలు ఒంటికి ఆనించి లోపలి జేబులో పెట్టుకోవాలి, లేకపోతే చచ్చిపోతాయి. తల మీద దీపం, ఎదురుగా ముందు మనిషి మడమలు. ఆ రాత్రి లోకం అంతే.

అయిదు వేల మీటర్లు దాటాక మాలో ఒకాయన, నలభై అయిదేళ్ల బ్యాంకు ఆఫీసరు, పక్కకు పోవడం మొదలుపెట్టాడు. దారి వంపు తిరిగితే ఆయన తిన్నగా వెళ్తున్నాడు. సహాయ గైడ్ ఆయన్ని ఆపి, నేల మీద కర్రతో గీత గీసి, మడమకు వేళ్లు ఆనించి దాని మీద నడవమన్నాడు. మూడో అడుగుకు తూలాడు. "నేను బాగానే ఉన్నాను, చలికి అంతే" అన్నాడాయన ఇంగ్లిషులో. తరవాత అదే మాట తెలుగులో అన్నాడు, ఆ గైడ్‌తోనే. పెద్ద గైడ్ వెనక్కి వచ్చి ఆయన చేతి తొడుగు సరిచేసి, వదులైన బూటు తాడు తన వేళ్లతో బిగించి, "కొండ ఎక్కడికీ పోదు" అని మాత్రం అన్నాడు. చర్చ లేదు. ఒక గైడ్ ఆయన చెయ్యి పట్టుకుని కిందికి దింపాడు. రెండు దీపాలు వంపులు తిరుగుతూ దిగిపోవడం చాలాసేపు కనిపించింది. పదిమందికి ఒక్క గైడే ఉండి ఉంటే? ఒకాయన కోసం అందరూ దిగాలి, లేదా ఆయన్ని చీకట్లో వదలాలి. యాత్ర నడిపే కంపెనీ ఇచ్చే కాగితం మీద గైడ్ల సంఖ్య మనం చూడకుండా దాటేసే గడి. దాని అర్థం ఇది. పొద్దున కింద కలిసినప్పుడు ఆయనకు ఆ గీత సంగతి గుర్తు లేదు. ఆరోగ్యంగా ఉన్నాడు, కోపంగానూ ఉన్నాడు.

బిలం అంచు మీద 5,756 మీటర్ల దగ్గర స్టెల్లా పాయింట్. అక్కడికి చేరేసరికి తూరుపు తెలవారుతుంది. అక్కడి నుంచి ఉహురుకు ఇంకో ముప్పావు గంట, పెద్ద ఎత్తు లేదు, అయినా ప్రతి పది అడుగులకూ కర్ర మీద వాలిపోతాం. శిఖరం పేరు రాసిన పలక దగ్గర ఫొటోల కోసం వరస. శిఖరం గురించి ఇంతకన్నా నేను చెప్పగలిగింది లేదు. అక్కడ ఉన్నది పది నిమిషాలు, అందులో అయిదు వరసలో.

కానీ ఆ అంచు నుంచి కనిపించే మంచు గురించి చెప్పాలి. నిలువు గోడల్లా, కోసిపెట్టినట్టు ఉంటాయి ఆ హిమానీనదాలు. భూమధ్యరేఖ పక్కన మంచు కొండ చూశానని 1848లో యోహానెస్ రెబ్‌మన్ అనే మిషనరీ చెబితే ఐరోపా పండితులు నమ్మలేదు. ఇప్పుడు నమ్మించాల్సింది వేరే. 1912 నుంచి 2007 లోగా ఆ మంచు విస్తీర్ణంలో 85 శాతం పోయింది. కరిగి పారడం కన్నా, పొడి గాలికీ ఎండకూ నేరుగా ఆవిరై పోవడం ఎక్కువ. ఇంత జరిగినా కింద ఊళ్లకు నీటి కరువు ఆ మంచు పోవడం వల్ల రాదు. చగ్గా పొలాల కాలవల్లో పారేది చాలావరకు అడవి పట్టిన వాన, మబ్బు. అడవి పోతేనే వాళ్లకు అసలు దెబ్బ. ఫొటోల్లో తెల్లగా మెరిసే మంచుకే మన దిగులంతా. మొదటి రోజు తిట్టుకుంటూ దాటిన బురద అడవిని ఎవరూ తలచుకోరు.

దిగడం ఒకటిన్నర రోజు పని, మోకాళ్లకు నరకం. మ్వెకా మకాంలో చివరి పొద్దున అందరూ వలయంగా నిలబడతారు. పాడతారు, ఆడతారు, మనల్నీ లాగుతారు. ఆ తరవాత బహుమానం పంచడం. ఇది ఇష్టముంటే ఇచ్చే చిల్లర అనుకోకండి. పోర్టరు సంపాదనలో అది పెద్ద భాగం, కూలీ తక్కువ. ఎవరికెంత ఇస్తున్నామో అందరి ముందూ పైకి చదివి ఇవ్వాలి. కవరు ఒక్కడి చేతిలో పెట్టి వెళ్లిపోతే చివరి వరసకు ఎంత చేరుతుందో చెప్పలేం. ఆ వలయంలో నేను మొదటిసారి లెక్కగా అందరి కాళ్లూ చూశాను. మాకు కొత్త బూట్లు, రెండేసి జతల ఉన్ని మేజోళ్లు. వాళ్లలో కొందరికి అరిగిన క్రీడా బూట్లు, ఒకరికి కొలత కూడా సరిపోనివి. కిలిమంజారో పోర్టర్స్ అసిస్టెన్స్ ప్రాజెక్ట్ అనే సంస్థ 2003 నుంచి ఇలాంటివాళ్లకు చలిబట్టలు, బూట్లు ఉచితంగా అరువిస్తోంది. కూలీ, తిండి, బరువు సరిగా చూసే కంపెనీలను గుర్తించి వాటి పేర్లు బయటపెడుతోంది.

గేటు దగ్గర మనకు ధ్రువపత్రం ఇస్తారు. స్టెల్లా దాకా వెళ్లినవాళ్లకు ఒకటి, ఉహురు దాకా వెళ్లినవాళ్లకు ఒకటి. దాని మీద మన పేరు, గైడ్ సంతకం ఉంటాయి. గుడ్లు మోసినతని పేరుకు చోటు లేదు.

మీలో ఎవరైనా బయలుదేరాలనుకుంటే, వానలు పడే ఏప్రిల్, మే, నవంబరు వదిలేయండి. జనవరి, ఫిబ్రవరి, లేకపోతే జూలై నుంచి అక్టోబరు లోపు చూసుకోండి. ప్లాస్టిక్ సంచులు తీసుకెళ్లకండి, 2019 నుంచి ఆ దేశంలో నిషేధం. మూడు నెలల ముందు నుంచి రోజూ నడవండి, వారానికోసారి మెట్లు ఎక్కండి, అంతకు మించి కండలు పెంచక్కర్లేదు. కంపెనీతో బేరమాడే ముందు మాత్రం నాలుగు ప్రశ్నలు అడగండి. కొండ మీద ఎన్ని రాత్రులు? మా బృందానికి గైడ్లు ఎందరు? పోర్టర్లు ఎక్కడ పడుకుంటారు? రోజుకు ఎన్నిసార్లు తింటారు? చివరి రెండింటికి తడుముకునే కంపెనీ ఎంత చౌకగా వస్తామన్నా వద్దనండి, ఎందుకంటే ఆ మిగులు తీసేది అక్కడి నుంచే.